పెట్టె తాళము తీయవలెను: మిడిల్ పాయింట్ తెలుగువారి ప్రణాళిక

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని నామాంతరము పొందినను మా నోళ్లలో నింకను పోర్ట్ బ్లెయిరుగానే నిలిచియున్న ఈ పట్టణమున, మిడిల్ పాయింట్ పరిసరములందు కాపురముండి, డుంగీలను చిన్న పడవల ఇంజన్లు బాగుచేయుచు, కరెంటు పనులు చేయుచు, బడులలో పాఠములు చెప్పుచు బిడ్డలను పెంచుకొనుచున్న మేము, గత వేసవిలో మా వాడకు విచ్చేసిన రోబోటిక్స్ శిబిరమున మా పిల్లలకు జరిగిన అవమానమును దిగమ్రింగజాలక ఈ ప్రణాళికను ప్రకటించుచున్నాము.

జరిగినదేమో తెలిసినవారికి తెలియును; తెలియనట్లు నటించువారికై మరల వ్రాయుచున్నాము. దీవుల పిల్లలకు చేతులతో యంత్రవిద్య నేర్పుటకే సముద్రము దాటి వచ్చితిమని వేదికపై పలికిన పెద్దలు, ముందుగా పిల్లలను ఇంగ్లీషులో ప్రశ్నించి, తడబడక బదులు చెప్పినవారిని ముందు బల్లలయొద్దను, తెలుగు మాధ్యమపు పిల్లలను వెనుక గోడప్రక్కను కూర్చుండబెట్టిరి. ముందువారికి మోటార్లు, సెన్సార్లు; వెనుకవారికి చప్పట్లు. నల్లగీత వెంబడి నడవవలసిన బండి మాటిమాటికి గీత తప్పుచుండగా, సెన్సారు నేలకు మిక్కిలి యెత్తుననున్నదని వెనుకనుండి ఒక బాలిక తెలుగులో చెప్పినది. "చుప్ బైఠో" అని గద్దించిరి. కొంతసేపటికి శిక్షకుడే సెన్సారును క్రిందికి దింపెను, బండి నడచెను, ఫొటో తీసిరి. ఆ ఫొటోలో ఆ బాలిక లేదు. సాయంకాలము ఆ సామగ్రి పెట్టెలు లెక్కించి మెయిన్‌ల్యాండ్‌కు కొనిపోవుచు, దయతలచి ఒక్క పెట్టెను ఒక బడికి బహూకరించిరి. అది నేటికిని బీరువాలోనే యున్నది. పిల్లలు ముట్టినచో పాడగునట!

2011 జనగణన ప్రకారము ఈ దీవులలో నూటికి పదుమువ్వురు తెలుగు మాతృభాషగా గలవారము. అట్టి వారి బిడ్డలు ఒక బండిలోని దోషమును కనిపెట్టి, దానిని తమ భాషలో చెప్పుట నేరమగునా? యంత్రమునకు ఇంగ్లీషు తెలియదు, తెలుగును తెలియదు. సెన్సారు ఎత్తుననున్నచో అది ఏ భాషలోనైనను గీత తప్పును.

మేము ఈ విద్యకు శత్రువులము కాము. 1967లో సేమూర్ పాపర్ట్ ప్రభృతులు లోగో భాషను కల్పించి, తరువాత దానితో నేలపై తిరుగు యాంత్రిక తాబేటిని పిల్లల యధీనము చేసిన నాటినుండియు ఈ మార్గమునకు మూలసూత్రమొక్కటే: ఆజ్ఞ యిచ్చువాడు బాలుడు, ఆజ్ఞ వినునది యంత్రము. కుప్పము ప్రాంతమున అగస్త్య ఫౌండేషన్‌వారు ప్రయోగసామగ్రిని వాహనములకెక్కించి పల్లెపల్లెకు త్రిప్పి, వస్తువును పిల్లల చేతికే యిచ్చుచున్నారు. ఆ వాహనము సముద్రము దాటి రాలేదని మేము ఎవరిని నిందించుట లేదు. దాటి వచ్చినవారు మాత్రము ఈ సూత్రమును తలక్రిందులు చేసి, యంత్రము ఆడుచుండగా పిల్లలను చూచుచు కూర్చుండుమనిరి.

భాష అర్హత కాదు. చప్పట్లు చదువు కాదు. ఫొటో ప్రమాణపత్రము కాదు. వీనిపై విస్తరించి వ్రాయ నవసరము లేదు.

విస్తరించి వ్రాయవలసినది, వాదించి యలసినను విడువజాలనిది ఒక్క కోరిక: పెట్టె ఈ దీవిలోనే యుండవలెను, దానికి తాళముండరాదు, దానిని విప్పు హక్కు పిల్లలకుండవలెను.

ముట్టినచో పాడగుననువారు, ముట్టకున్నచో ఏమగునో చూచిరా? మా గాలిలో ఉప్పున్నది. ఏడాదిలో అధికభాగము తేమయున్నది. బీరువాలో భద్రపఱచిన బోర్డు పిన్నులకు చిలుము పట్టును. వాడక విడిచిన లిథియం బ్యాటరీ తనంతట తాను వట్టిపోయి, ఒక హద్దునకు దిగజారిన పిమ్మట మరల ఛార్జింగునకు లొంగదు. త్రీడీ ప్రింటరుకు వాడు ప్లాస్టిక్ తీగ తేమ పీల్చి, పెళుసెక్కి, పుటుక్కున విఱుగును. తాళము వేసిన పెట్టెయు చచ్చును, తెరచిన పెట్టెయు చచ్చును. తెరచినది మాత్రము నలుగురు పిల్లలకు విద్య చెప్పి చచ్చును.

విఱిగినచో మరల తెచ్చుటెట్లని యడుగుదురు. కష్టమే, కాదనము. విడి లిథియం-అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానములలో సరకుగా పంపరాదని 2016 ఏప్రిల్ నుండి అంతర్జాతీయ నియమమున్నందున అవి చాలవఱకు నౌకమీదనే రావలెను. చెన్నై, విశాఖ రేవులనుండి నౌకకు రెండుమూడు దినములు పట్టును. తుఫాను పట్టినచో చెప్పనే యక్కఱలేదు. ఐనను ఈ కష్టము తాళమునకు కారణము కాజాలదు. చెన్నై బాలుడు కాలిన మోటారును పారవేసి, సాయంకాలమునకు రిచీ స్ట్రీట్‌లో మఱియొకటి కొనుక్కొనగలడు. మా బాలుడు పాడైన ప్రింటరునుండి మోటారును ఊడదీసి, తీగలు సోల్డరింగ్ చేసి పని జరుపుకొనుట నేర్వవలెను. ఉప్పునీరు చొచ్చిన ఇంజన్‌ను విప్పి, కడిగి, ఆరబెట్టి, మరల బిగించి సముద్రమునకు పంపువారు ఈ వాడలోనే యున్నారు. వారిని శిక్షకులుగా పిలువుడు. వారికి ఇంగ్లీషు రాదందురేమో. ఇంజన్ వారి మాట వినును.

ధనము లేదని మాత్రము చెప్పవలదు. నీతి ఆయోగ్ 2016లో ప్రారంభించిన అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకమున ఎంపికయైన బడికి 20 లక్షల రూపాయలవఱకు గ్రాంటు నిర్ణయింపబడినది. అందు సగము సామగ్రికి, సగము ఐదేండ్ల నిర్వహణకు. వస్తువు వాడబడును, అరుగును, మరల కొనవలసియుండునని ఢిల్లీలో లెక్క వ్రాసినవారికే తెలిసియుండగా, బీరువా తాళపుచెవి కలవారికి తెలియకపోవుట వింత!

రేపటిని గూర్చియు చెప్పుదుము. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నిర్మించిన ప్రోవ్ అను దూరచాలిత యంత్రము మా పగడపు దిబ్బల నడుమ దిగి చిత్రములు తీసినది. ఆ దిబ్బలు ఎక్కడ నెట్లున్నవో మా జాలరి బిడ్డలకు నడువ నేర్చిన నాటినుండి తెలియును. పీవీసీ గొట్టములు, పడవలో నీరు తోడు చిన్న పంపు మోటార్లు, పొడవైన కేబులు, ఒక కెమెరా చాలును. ఈ తీరమున పుట్టిన యంత్రమును ఈ తీరపు పిల్లలే నీట దింపుదురు. ఇంటిముంగిట ఇంత సముద్రముండగా, వారు నేర్వవలసిన రోబోటు గచ్చుమీది నల్లగీత వెంట తిరుగు బండి యొక్కటేనా?

కావున నిశ్చయించితిమి: ఇంగ్లీషు పరీక్ష పెట్టు శిబిరమునకు మా పిల్లలను పంపము; ప్రేక్షకులుగా అసలే పంపము; వచ్చిన పెట్టె తిరిగిపోవునట్లైన, ఆ శిబిరమునకు ఈ వాడలో చోటును, కుర్చీలును, కరెంటు కనెక్షనును ఇయ్యము. బీరువాలోని పెట్టెను వచ్చు ఆదివారములోగా తెరువనిచో, ప్రతి ఆదివారము ఆ బడి గేటు ముందు చాపలు పఱచి మా పాఠము మేమే మొదలిడుదుము.

ఈ ప్రణాళికపై సంతకము చేయగోరువారు ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు అచటికి రావచ్చును. పాడైన రేడియోనో, ఫ్యానునో, ఒక స్క్రూడ్రైవరునో వెంట తెచ్చుకొనవలెను. పిల్లలు ముందు వరుసలో కూర్చుందురు. పెద్దలకు వెనుక గోడప్రక్కన చోటు కలదు.

ఇట్లు,
మిడిల్ పాయింట్ తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, మెకానిక్కులు