కాయలు కాచిన చేతులు

ఈమధ్య మా కాలేజీలో వలసలను గురించి ఒక సభ జరిగింది. ప్రధాన వక్త నాకు పాతమిత్రుడే, చరిత్ర పాఠాలు చెప్పే మనిషి. అమెరికాలో మొదటితరం చీనా వర్తకులను గురించి ముప్పావు గంట మాట్లాడాడు. ఉత్త చేతులతో సముద్రం దాటి వెళ్ళారు, అవమానాలు దిగమింగారు, కానీ కానీ కూడబెట్టి దుకాణాలు పెట్టారు, పెద్దమనుషులయ్యారు. కనుక పట్టుదలా పొదుపూ వుంటే ఏ ద్వేషమూ మనిషిని ఆపలేదు. ఇదీ ఉపన్యాస సారాంశం. సభ చప్పట్లు కొట్టింది. చీనా వర్తకుడి నెపంతో ఆయన పొగుడుతున్నది ఎవరినో తెలుసుకోవటానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ముందు వరసలో కూచున్న పెద్దల పిల్లల్లో సగంమంది డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో వున్నారు.

ఆయన కూచోగానే ఒక విద్యార్థి లేచాడు. మనవాడే. "వర్తకుల కథ మనకెందుకు మాస్టారూ? వాళ్ళు తమ కూలీలనే పీల్చుకుతిన్నవాళ్ళు. రైలుమార్గం వేసిన కార్మికుల చరిత్ర చెప్పండి" అన్నాడు.

ఇద్దరి మాటా నాకు నచ్చలేదు. అధ్యక్షులవారు వందన సమర్పణకు తొందరపడటంవల్ల నా మాట నా దగ్గరే మిగిలిపోయింది. అది ఇక్కడ రాస్తున్నాను.

వాళ్ళిద్దరూ పోట్లాడుకున్నట్టు కనిపించారు గాని, నిజానికి ఒక విషయంలో వాళ్ళకి పేచీ లేదు. వర్తకుడంటే ఎవరో, కూలీ అంటే ఎవరో ముందే తేలిపోయిందని ఇద్దరూ అనుకున్నారు. ఒకరు మొదటివాణ్ణి పొగిడారు, మరొకరు రెండోవాణ్ణి. అయితే చీనావాళ్ళలో ఎవడు వర్తకుడు, ఎవడు కూలీ అని తేల్చింది ఎవరు? అమెరికా చట్టం.

1882లో అమెరికా ప్రభుత్వం చీనా కూలీల రాకను నిషేధించింది. నైపుణ్యం వున్న పనివాడూ రాకూడదు, లేనివాడూ రాకూడదు. వర్తకులూ, విద్యార్థులూ, ఉపాధ్యాయులూ, యాత్రికులూ మాత్రం రావచ్చు. పదేళ్ళకని చేసిన చట్టాన్ని 1892లో పొడిగించారు, 1904లో శాశ్వతం చేశారు. 1943లో దాన్ని రద్దు చేసినప్పుడు ఇచ్చిన వాటా ఏడాదికి 105 మంది! ఇదంతా చాలామందికి తెలుసు. తెలియవలసినంతగా తెలియనిది 1893 నాటి సవరణ. వర్తకుడంటే ఎవరో అందులో నిర్వచించారు. స్థిరమైన చోట, తన పేరున, సరుకులు కొని అమ్మేవాడు వర్తకుడు. ఆ వ్యాపారానికి తప్పనిసరి అయినంత మేరకు తప్ప, అతడు శరీరకష్టం చెయ్యకూడదు. స్వదేశం వెళ్ళి తిరిగివచ్చేటప్పుడు ఈ సంగతికి చీనావాళ్ళు కాని ఇద్దరు సాక్షులు కావాలి. కూలీల జాబితా కూడా అందులోనే వున్నది. గనుల్లో పనిచేసేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, చేపలెండబెట్టేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు, వీధుల్లో తిరిగి అమ్మేవాళ్ళు.

అంటే కావడి భుజాన వేసుకుని ఇంటింటికీ కూరలు అమ్మేవాడు వర్తకుడు కాదు. కొని అమ్మటమే అతని పని కూడాను. కాని భుజాన బరువున్నది కనుక కూలీ. రేవులో దిగినవాడు వర్తకుడో కాడో తేల్చటానికి అధికారులు అరచేతులు తిప్పి చూడటం కూడా వుండేది. కాయలు కాచిన చెయ్యి సాక్ష్యం, అదీ ఆ చేతిగలవాడికి వ్యతిరేకంగా. పనిచేసి బతకటమే సద్గుణమని పొద్దున్నే ప్రార్థనలో చెప్పే దేశం, పని ఆనవాళ్ళు చూసి మనిషిని వెనక్కు పంపింది.

దీన్ని ఉత్త వర్ణద్వేషమంటే సగమే చెప్పినట్టు. తెల్లతోలు లేకపోవటం ఒక్కటే నేరమైతే వర్తకుడికి తలుపెందుకు తెరిచారు? చీనాతో వ్యాపారం కావాలి గనక.

ఇప్పుడు దుకాణం సంగతి చూద్దాం. వక్తగారు దుకాణాన్ని లాభనష్టాల చిట్టాగా చూశారు, విద్యార్థి దాన్ని దోపిడీ కేంద్రంగా చూశాడు. ఆ దుకాణంలో బియ్యం బస్తాలుండేవి, టీ వుండేది, ఎండుచేపలూ, ఉప్పులో వేసిన గుడ్లూ, జాడీల్లో అల్లమూ వుండేవి. గోడపొడుగునా చిన్నచిన్న సొరుగుల్లో మూలికలు. బల్లమీద పూసల చట్రం, కుంచెతో రాసే ఖాతాపుస్తకం. వెనకగదిలో మంచాలు. పనిలేని రోజుల్లో కొండల్లోంచీ పొలాల్లోంచీ వచ్చిన కూలీలు అక్కడే పడుకునేవాళ్ళు. క్వాంగ్‌టుంగ్ రాష్ట్రంలోని వూళ్ళనుంచి ఉత్తరాలు దుకాణం చిరునామాకే వచ్చేవి. చదవటం రానివాడికి దుకాణదారే చదివిపెట్టి, జవాబు రాసేవాడు. ఇంటికి పంపే డబ్బు అతనిచేతికే ఇచ్చేవాళ్ళు. అది హాంకాంగ్‌లోని 'బంగారు కొండ' వర్తకసంస్థల ద్వారా వూరు చేరేది (అమెరికాను వాళ్ళు బంగారు కొండ అనేవాళ్ళు). మన చీటీపాటల్లాంటివే వాళ్ళకీ వుండేవి, 'హుయ్' అనేవాళ్ళు. తెల్లవాళ్ళ బ్యాంకు అప్పివ్వని చోట పదిమందీ నెలనెలా వేసుకున్న డబ్బుతో ఒకడు దుకాణం తెరిచేవాడు. అప్పులు కొత్త సంవత్సరంలోగా తీర్చటం మర్యాద.

దుకాణం పేరు మనిషి పేరు కాదు. 'శాంతి', 'సమృద్ధి' వంటి శుభమైన మాటలతో పెట్టుకునేవాళ్ళు. తెల్లవాళ్ళకి ఆ తేడా పట్టేది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో లీ యిక్ అనే చాకలి దుకాణంవాడు తన కొట్టుకి యిక్ వో అని పేరు పెట్టుకున్నాడు. అతడు మనుషుల చరిత్రలో యిక్ వో గానే మిగిలిపోయాడు. కొయ్యకట్టడంలో చాకలికొట్టు నడపాలంటే నగర పాలకుల అనుమతి కావాలని అక్కడ ఒక నిబంధన చేశారు. 200 మంది చీనావాళ్ళు అర్జీలు పెడితే ఒక్కరికీ ఇవ్వలేదు. ఇతరులు 80 మంది పెడితే ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చారు. 22 ఏళ్ళుగా అదే కొట్టు నడుపుతున్న మనిషి జరిమానా కట్టనన్నందుకు జైలుకు పోయాడు. 1886లో సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు చెప్పింది. నిబంధన పైకి అందరికీ సమానంగా వున్నా అమలులో వివక్ష వుంటే చెల్లదన్నది. అమెరికా న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ ఆ తీర్పు చదువుతారు. అయితే ఒకటి గమనించాలి. అనుమతి పత్రమూ జరిమానా అడిగేటప్పుడు నగరపాలకులకు ఇతడు వ్యాపారస్థుడు. దేశంలోకి రావలసివచ్చినప్పుడు కేంద్ర ప్రభుత్వానికి ఇతడు కూలీ. ఒకే మనిషిని గుమ్మం దగ్గర ఒక పేరుతోనూ, గల్లాపెట్టె దగ్గర మరో పేరుతోనూ పిలిచారు. కావడి మోసేవాడికీ ఇదే తంతు. 1870లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కావడితో కాలిబాట మీద నడవకూడదని నిబంధన పెట్టారు. కావడి ఎవరు మోస్తారో రాయనక్కర్లేకపోయింది.

వక్తగారు చీనావాళ్ళకి వర్తకబుద్ధి సహజమన్నట్టు మాట్లాడారు. ఆ 'సహజబుద్ధి' ఎక్కడ పుట్టిందో చూడండి. 1890 జనాభా లెక్కల్లో అమెరికాలో చీనావాళ్ళు 1,07,000 పైచిలుకు. వాళ్ళలో స్త్రీలు నాలుగువేలకు లోపే. వ్యభిచారం నెపంతో 1875 నాటి చట్టం స్త్రీలను ముందే అడ్డగించింది. తరవాత 1900లో సుప్రీంకోర్టు వర్తకుడి భార్యాబిడ్డలు రావచ్చునన్నది. కూలీకి ఆ యోగం లేదు. భార్యతో కాపురం చెయ్యటానికి వర్తకుడు కావటమే దారి అయినప్పుడు, మనిషి ఏం చేస్తాడు? అయిదువందల డాలర్లో వెయ్యి డాలర్లో అప్పు చేసి ఒక దుకాణంలో వాటా కొంటాడు. ఒక చిన్న కొట్టుకి పదిమందీ పదిహేనుమందీ వాటాదార్లుండటం దాంతో వచ్చిందే. భోజనశాల యజమానిని కూడా చాలాకాలం కూలీగానే లెక్కవేశారు. 1915లో ఒక కోర్టు అతడూ వర్తకుడేనన్నది. ఆ తరవాత చీనా భోజనశాలలు పెరగటంలో రుచికి ఎంత వాటా వుందో ఆ తీర్పుకీ అంత వుంది. జల్లెడ పట్టినవాణ్ణి వదిలేసి, జల్లెడలో మిగిలిన గింజ గొప్పతనాన్ని గురించి ఉపన్యసించటం చరిత్ర కాదు.

ఇది మనకీ దూరపు సంగతి కాదు. 1917 చట్టం మనదేశంతోసహా ఆసియాలో చాలా భాగానికి తలుపు మూసినప్పుడు విద్యార్థులనూ, ఇంజనీర్లనూ, వైద్యులనూ, వర్తకులనూ మినహాయించింది. 1965 చట్టం జాతులవారీ వాటాలు తీసేసి, చదువుకున్న వృత్తినిపుణులకు ఒక వరస ఏర్పాటు చేసింది. ఆ ముందు వరస పెద్దల పిల్లలు తెలివైనవాళ్ళే, కాదనను. కాని పాలకొల్లు నుంచో పాలమూరు నుంచో తాపీపనివాడు డల్లాస్ పోలేకపోవటానికి కారణం అతని సోమరితనం మాత్రం కాదు.

ఇక మన విద్యార్థి మాట. వర్తకులు కూలీలను పీల్చుకుతిన్నారన్నాడు. తిన్నారు. దాచవలసిన పనిలేదు. ఓడఖర్చు అప్పుపెట్టి పంపటమూ, ఆ అప్పు వడ్డీతో జీతంలోంచి రాబట్టటమూ వర్తకుల చేతిలోనే వుండేది. 'ఆరు కంపెనీలు' అని పేరుపడ్డ జిల్లా సంఘాల పెత్తనమూ వాళ్ళదే. బాకీలు తీర్చినట్టు ఆ సంఘాల చీటీ వుంటేగాని తిరుగు ప్రయాణానికి టిక్కెట్టు ఇవ్వకుండా ఓడ కంపెనీలతో ఏర్పాటు చేసుకున్నారు. అంటే ఇంటికి పోయే దారికి కూడా వర్తకుడే కాపలా. 1867 జూన్‌లో సియెరా కొండల్లో రైలుమార్గం వేస్తున్న వేలాది చీనా కార్మికులు తెల్లవాళ్ళతో సమానంగా కూలికోసం, పనిగంటలు తగ్గించటం కోసం సమ్మెకట్టారు. క్రాకర్ అనే కంపెనీ భాగస్వామి వాళ్ళ తిండి సరఫరా ఆపేశాడు. వారంలో సమ్మె విరిగింది. వాళ్ళ తిండి సొంత ఖర్చుమీద, ముఠాలవారీగా కొనుక్కున్నది. తెల్ల కూలీలకి తిండి కంపెనీయే పెట్టేది.

ఇంతవరకు ఆ అబ్బాయితో ఏకీభవిస్తాను. కాని కూలీల కథ చెబితే మన పని సులువవుతుందని అతడు అనుకున్నాడే, అక్కడ పేచీ. చీనావాళ్ళను తరిమింది ఎవరు? 1877లో కాలిఫోర్నియాలో డెనిస్ కియర్నీ నడిపినది శ్రామిక పార్టీ అని పేరు పెట్టుకున్నదే. దాని నినాదమే చీనావాళ్ళు పోవాలని. 1885 సెప్టెంబరులో వయోమింగ్‌లోని రాక్ స్ప్రింగ్స్‌లో 28 మంది చీనా గనికార్మికులను చంపినవాళ్ళు తెల్ల గనికార్మికులు. 1902 ప్రాంతాల అమెరికన్ కార్మిక సమాఖ్య ఒక కరపత్రమే వేసింది, మాంసం తినేవాడు గొప్పా, అన్నం తినేవాడు గొప్పా అని! అన్నం తినేవాళ్ళం మనం చదవవలసిన కరపత్రం అది. 1905లో పుట్టిన ప్రపంచ పారిశ్రామిక కార్మిక సంఘం ఒకటి ఆసియా కార్మికులను చేర్చుకుని ఈ పాపాన్ని కాదన్నది. పెద్ద సంఘాలు కాదనలేదు. పెట్టుబడిదారు చవక కూలీని చూపించి బెదిరిస్తే, ఆ కూలీని సంఘంలో చేర్చుకోవటానికి బదులు వూళ్ళోంచి తరిమారు. ఈ సంగతి మనం చెప్పకపోతే వక్తగారి వంటివాళ్ళు చెబుతారు, తమకు కావలసిన పద్ధతిలో చెబుతారు.

తరిమిన గుంపు అరచేతులు చూడలేదు. 1885 నవంబరు 3న టకోమా పట్నంలో మేయరుతోసహా వందలమంది చీనావాళ్ళ ఇళ్ళమీదపడి, వానలో రైల్వే స్టేషనుకు నడిపించారు. దుకాణాలు తగలబెట్టారు. లమ్ మే అనే వర్తకుడు ఆ తరవాత ఇచ్చిన వాంగ్మూలంలో, ఆనాటి భయంతో తన భార్యకు మతి చలించిందని చెప్పుకున్నాడు. చట్టం అతనికిచ్చిన మినహాయింపు ఆ వానలో ఎందుకూ పనికిరాలేదు.

అలాంటి వర్తకుడు ఏం చేశాడు? 1905లో ఒక పని చేశాడు. షాంఘైలోనూ కాంటన్‌లోనూ వర్తకులూ విద్యార్థులూ అమెరికా సరుకుల బహిష్కారం మొదలుపెట్టారు. (మనకు స్వదేశీ ఉద్యమం కలకత్తాలో మొదలైంది అదే ఏడాది ఆగస్టులో.) రూజ్వెల్ట్ జడిశాడు. వర్తకులనూ విద్యార్థులనూ మర్యాదగా చూడండని అధికారులకు ఆజ్ఞ ఇచ్చాడు, కూలీల నిషేధం మాత్రం నిలవలసిందేనన్నాడు. గిడ్డంగుల్లో అమెరికా సరుకు పేరుకుపోయిన వర్తకులు ముందుగా మెత్తబడ్డారు. చట్టం చెక్కుచెదరలేదు. ఆ వర్గం ఎంతదూరం రాగలదో, ఎక్కడ ఆగిపోతుందో అక్కడ కనిపిస్తుంది. రానేరాదనటం మాత్రం అబద్ధం. సియాటిల్‌లో కూలీల కంట్రాక్టులతో ధనవంతుడైన చిన్ గీ హీ, తనూ కూలీగా వచ్చినవాడే, ముసలితనంలో స్వదేశానికి పోయి, ప్రవాసుల దగ్గర వాటాలు పోగుచేసి, విదేశీ పెట్టుబడి లేకుండా తన జిల్లాలో రైలుమార్గం వేయించాడు. 1906లో పని మొదలైంది. అతడు ఎవరి పక్షమో ఒక్కమాటలో చెప్పమంటే నేను చెప్పలేను.

ఓరెగాన్‌లో జాన్ డే అనే చిన్న వూళ్ళో కామ్ వా చుంగ్ అనే రాతి దుకాణం వుంది. ఇప్పుడు ప్రదర్శనశాల. 1880ల చివరలో దాన్ని ఇద్దరు కొన్నారు, లంగ్ ఆన్, ఇంగ్ హే. లంగ్ ఆన్ సరుకులమ్మేవాడు, కూలీలను పనుల్లో కుదిర్చేవాడు, డబ్బు బాగా గడించాడు. ఇంగ్ హే నాడి చూసి మూలికలిచ్చే వైద్యుడు. చుట్టుపక్కల తెల్లవాళ్ళు కూడా అతని దగ్గరికే వచ్చేవాళ్ళు. ఇద్దరి కుటుంబాలూ చీనాలోనే వుండిపోయాయి. ఇంటికి రమ్మని బతిమాలే ఉత్తరాలు ఏళ్ళతరబడి ఆ దుకాణానికి వచ్చాయి. ఇద్దరూ వెళ్ళలేదు. లంగ్ ఆన్ 1940లోనూ, ఇంగ్ హే 1952లోనూ పోయారు. తాళం వేసిన దుకాణాన్ని 1960లలో తెరిచినప్పుడు మూలికలు సొరుగుల్లోనే వున్నాయి, డబ్బాలు అరల్లోనే వున్నాయి. వైద్యుడి మంచం కింద రోగులిచ్చిన చెక్కులు దొరికాయి, మొత్తం 23,000 డాలర్లకు పైగా. ఒక్కటీ బ్యాంకుకు పోలేదు.