గ్రంథపాలకుని పట్టా, సహాయకుని అనుభవం

గ్రంథాలయాన్ని నిజంగా నడిపేది పట్టభద్రుడైన గ్రంథపాలకుడా, ఏళ్ళ తరబడి పుస్తకాలు అందిస్తూ వచ్చిన సహాయకుడా అన్న వివాదం కళాశాలలలోను, శాఖా గ్రంథాలయాలలోను తరచుగా వినవస్తూ ఉంటుంది. పట్టా లేనివానికి శాస్త్రం తెలియదని ఒక పక్షం. పట్టా ఉన్నవానికి పుస్తకం దొరకదని మరొక పక్షం. రెండు మాటలలోను కొంత నిజం లేకపోలేదు. ఎంత నిజమున్నదో బీరువాల మధ్య నిలిచి చూచినగాని తేలదు.

శ్రీశ్రీ పుస్తకాల సంగతే చూడవచ్చును. విద్యార్థి వచ్చి శ్రీశ్రీ కావాలని అడుగుతాడు. ఆయన అసలు పేరు శ్రీరంగం శ్రీనివాసరావు. గ్రంథసూచిలో ఆ పుస్తకాన్ని ఏ పేరు క్రింద చేర్చవలె? పాశ్చాత్యులకు ఇంటిపేరు చివర వస్తుంది, తెలుగువారికి మొదట వస్తుంది. ఈ భేదం గమనింపక, చివరి మాటనే పట్టుకొని విశ్వనాథ సత్యనారాయణగారిని సకారంలోకి నెట్టివేసిన సూచిక చూపులకు ఎంత శాస్త్రీయంగా ఉన్నా పాఠకునికి కొరగాదు. ఇరవై ఏళ్ళుగా బల్ల వద్ద నిలిచిన సహాయకుడు ఈ పొరపాటు చేయడు. చలం అన్నా, గుడిపాటి వెంకటచలం అన్నా అతని చేయి ఒకే అర మీదికి పోతుంది. ఏ మాసపత్రిక సంపుటం అట్ట ఊడి ఉన్నదో, ఏ పుస్తకాన్ని పరీక్షల ముందు విద్యార్థులు వేరే అరలో దాచిపోతారో కూడ అతనికే తెలుసు. ఈ విద్య ఏ పాఠ్యగ్రంథంలోను లేదు.

అయితే అతడు సెలవు పెట్టిననాడు? ఆనాడు బీరువాలు ఉంటాయి గాని వాటికి నోరుండదు. శిక్షణ పొందిన గ్రంథపాలకుని పని ఇక్కడ మొదలవుతుంది. శ్రీరంగం పేరు క్రింద వెదకినవానిని శ్రీశ్రీ వద్దకు పంపే చిన్న కార్డు ఒకటి అతడు వ్రాసి పెడతాడు. నేడు కంప్యూటరులో అది ఒక పంక్తి. ఒకని తలలో ఉన్నది దానితో పదిమంది సొత్తవుతుంది. వెయ్యి పుస్తకాలున్నంతవరకు జ్ఞాపకశక్తి చాలును. ఇరవై వేలు దాటిన తరువాత అది ఎంతటివానికైనా చాలదు.

పట్టా అక్కరలేదనేవారు రంగనాథన్‌ను ఉదాహరిస్తారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడుగా నియమితుడైననాడు ఆయన గణితోపాధ్యాయుడే గాని గ్రంథాలయశాస్త్రం చదివినవాడు కాడు. నిజమే. కాని ఆయన లండను వెళ్ళి ఆ శాస్త్రం అభ్యసించినాడు. క్రాయిడన్ గ్రంథాలయంలో పని తీరు స్వయంగా తెలుసుకొన్నాడు. మద్రాసులో 1929లో గ్రంథాలయ శిక్షణ ప్రారంభమైనది కూడ ఆయన చలవతోనే. శాస్త్రం అక్కరలేదనుకొన్న మనిషి చేసే పనులా ఇవి?

తెలుగుదేశపు చరిత్ర కూడ ఇదే చెబుతున్నది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిపేనాటికి తెలుగునాట విశ్వవిద్యాలయమే లేదు. ఇక గ్రంథాలయశాస్త్ర పట్టా మాట ఎక్కడిది? 1935లో పాతూరి నాగభూషణం కాలువ మీద పడవలో పుస్తకాలు వేసి కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామాల నడుమ పాఠకులకు అందించినాడు. అదే సంవత్సరం ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో, కవి అబ్బూరి రామకృష్ణారావు గ్రంథపాలకుడుగా ఉండగా, గ్రంథాలయశాస్త్ర బోధన ఆరంభమైనది. పడవ నడిపినవారు తరగతిని ఎగతాళి చేయలేదు.

ఇప్పటి చిక్కు వేరు. సహాయకుని అనుభవాన్ని పొగడేవారిలో కొందరికి ఆ అనుభవం మీద గౌరవం కంటె గ్రంథపాలకుని జీతం మిగులుతుందన్న ఆశ అధికం. అతడే అన్నీ చూచుకొంటున్నాడు గదా అని ఉద్యోగాన్ని ఖాళీగా ఉంచి, అతనికి మాత్రం పాత జీతమే ఇచ్చుట ఏ రకపు గౌరవం? పాఠశాలలలో గ్రంథాలయపు తాళపుచెవిని లెక్కల ఉపాధ్యాయునికో, డ్రిల్లు మాస్టరుకో అప్పగించుట కూడ ఈ పొదుపు కోవలోనిదే. పుస్తకం పోతే తన జీతంలో కోత పడుతుందన్న భయంతో ఆయన బీరువా తెరవడు. ఆయనను నిందించి ఫలం లేదు.

పట్టా తప్పక ఉండవలె. దానికి పోయే దారి సహాయకునికి మూసి ఉండరాదు. నేడు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వంటి చోట ఉద్యోగం చేస్తూనే గ్రంథాలయశాస్త్రం చదువుకొనవచ్చును. చదివి వచ్చిన తరువాత కూడ అతనిని అదే బల్ల వద్ద అదే జీతానికి నిలబెట్టినచో మరొకడు చదువుటకు పూనుకొనడు. కొత్తగా వచ్చిన గ్రంథపాలకుడు కూడ మొదటి ఆరు నెలలు తన గది విడిచి ఆ సహాయకుని ప్రక్కన బల్ల వద్ద కూర్చొనవలె. పాఠకులు ఏ పుస్తకాన్ని ఏ పేరుతో అడుగుతున్నారో వ్రాసుకొనవలె. పదవీ విరమణనాడు శాలువా కప్పి సాగనంపుటకు ముందే ఆ పని పూర్తి కావలె.