అమెరికాలో పైలట్ ఉద్యోగం: చేతిలో లైసెన్స్ ఉన్నా కాక్‌పిట్ ఎందుకు దొరకట్లేదు? అసలు చిక్కు ఇక్కడే!

అమెరికా వెళ్లి పైలట్ లైసెన్స్ తెచ్చుకున్న మన కుర్రాళ్లకు, అమ్మాయిలకు మొదటి షాక్ గాల్లో తగలదు.. నేల మీదే తగులుతుంది. అక్కడ 250 గంటలు ఎగిరితే కమర్షియల్ లైసెన్స్ వచ్చేస్తుంది. కానీ ఎయిర్‌లైన్‌లో కో-పైలట్‌గా కూర్చోవాలంటే 1500 గంటలు ఉండాలి. మధ్యలో ఉన్న ఆ 1250 గంటలు ఎవరి విమానంలో, ఏ వీసా మీద ఎగరాలి? అరకోటికి పైగా ఖర్చుపెట్టిన కుటుంబాలు ఇప్పుడు అడుగుతున్న ప్రశ్న ఇదే.

ఈ 1500 గంటల రూల్ మరీ పాతదేం కాదు. 2009 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. ఆ తర్వాత అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. 2013 నుంచి కో-పైలట్లకూ ఇది తప్పనిసరి అయింది. విచిత్రం ఏంటంటే.. కూలిన ఆ విమానం నడిపిన ఇద్దరికీ అప్పటికే 1500 గంటలకు పైగా అనుభవం ఉంది! అయినా రూల్ సడలిస్తామంటే పైలట్ల యూనియన్, బాధిత కుటుంబాలు ఒప్పుకోవట్లేదు.

గంటలు నిండేలోపే వీసా అయిపోతోంది

అమెరికన్ కుర్రాడికైతే దారి తెలిసిందే. ఫ్లయింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్‌గా చేరతాడు. లేదంటే సర్వే విమానాలు, స్కైడైవింగ్ విమానాలు నడుపుతాడు. రెండేళ్లో, మూడేళ్లో.. గంటలు నిండేదాకా ఆగుతాడు. ఆగడానికి అతనికి వీసా అక్కర్లేదు.

మనవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. చాలా ఫ్లయింగ్ స్కూళ్లు ఇచ్చేది ఎం-1 వీసా. దీని మీద ప్రతి నాలుగు నెలల చదువుకు ఒక నెల చొప్పున మాత్రమే పని చేసుకోనిస్తారు. ఎంత చదివినా ఆరు నెలలకు మించదు. అంటే ఏడాది కోర్సు చేస్తే వచ్చేది మూడు నెలలే. ఇన్‌స్ట్రక్టర్‌గా నెలకు 70 గంటలు ఎగిరాడనుకున్నా పెరిగేది 210 గంటలు. 460 దగ్గర కథ ఆగిపోతుంది. పోనీ అక్కడే ఉండి ఎఫ్‌-1కి మారదామంటే, అమెరికాలో ఉండగా ఆ మార్పు కుదరదు.

యూనివర్సిటీలో ఏవియేషన్ డిగ్రీ చేసినవాళ్ల పరిస్థితి కాస్త నయం. గుర్తింపు ఉన్న కోర్సు అయితే 1500 బదులు 1000 గంటలు చాలు. ఎఫ్‌-1 మీద ఓపీటీ కింద 12 నెలలు పని చేయొచ్చు. నెలకు 70 చొప్పున లెక్కేస్తే మిగిలిన 750 గంటలకు దాదాపు 11 నెలలు పడుతుంది. కాగితం మీద సరిపోయినట్టే ఉంది కదా? కానీ ఉద్యోగం వెతుక్కునే రోజులు, వాతావరణం బాగాలేక విమానం దిగని రోజులు, రిపేర్లు.. ఇవేవీ ఇందులో లేవు. పైగా ఓపీటీలో 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. కోర్సు స్టెమ్ జాబితాలో ఉంటే మరో 24 నెలలు దొరుకుతాయి. లేకపోతే 1000 దాటిన నెలకే పెట్టె సర్దుకోవాల్సి వస్తుంది.

సాఫ్ట్‌వేర్ వాళ్లలా హెచ్‌-1బీ తీసుకోవచ్చుగా అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. అమెరికాలో పైలట్ ఉద్యోగానికి డిగ్రీ తప్పనిసరి కాదు. దెబ్బ పడేది అక్కడే. డిగ్రీ కచ్చితంగా అవసరమైన ఉద్యోగాలకే హెచ్‌-1బీ కాబట్టి, ఎయిర్‌లైన్స్ అటువైపే చూడవు. దానికి తోడు 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల ఫీజు వచ్చి పడింది. గ్రీన్‌కార్డు మాట సరేసరి.. భారతీయుల క్యూ ఏళ్లకు ఏళ్లు.

కోవిడ్ తర్వాత పైలట్లు దొరక్క అమెరికా ఎయిర్‌లైన్స్ పోటీపడిన రోజులు ఉన్నాయి. 2024 నుంచి ఆ జోరు తగ్గింది. ఇప్పుడు వర్క్ పర్మిట్ సమస్య లేని అమెరికన్లే ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగాల కోసం లైన్లో ఉన్నారు.

కెనడా అయితే?

అక్కడ కో-పైలట్‌కు 1500 గంటల రూల్ లేదు. 200 గంటలకే కమర్షియల్ లైసెన్స్. కానీ మొదటి ఉద్యోగం టొరంటోలో దొరుకుతుందని కాదు. థాంప్సన్, ఎల్లోనైఫ్ లాంటి ఉత్తరాది ఊళ్లలో, ఎముకలు కొరికే చలిలో చిన్న కంపెనీల దగ్గర మొదలవుతుంది. చాలాచోట్ల ముందు సామాను లోడ్ చేయాలి, విమానాల మీద మంచు తుడవాలి. ఆ తర్వాతే సీటు. ఇలా బ్యాగులు మోసిన కాలం పైలట్ అనుభవం కిందకు రాదు. వర్క్ పర్మిట్ మాత్రం కరిగిపోతూనే ఉంటుంది.

ఇంకో మాట. అమెరికాలో ఎయిర్‌లైన్ వైపు చూడనివ్వని ఆ 250 గంటలే ఇండియాలో ఎయిర్‌బస్ కో-పైలట్ సీటుకు సరిపోతాయి! డీజీసీఏ లైసెన్స్‌కు 200 గంటలు చాలు. అయితే విదేశీ లైసెన్స్‌ను మార్చుకోవాలి, పరీక్షలు రాయాలి, క్లాస్-1 మెడికల్ పాసవ్వాలి. లక్షలు పోసి టైప్ రేటింగ్ చేయాలి. అన్నీ అయ్యాక ఖాళీ ఉండాలి. అక్కడ వీసా అయిపోయే దాకా ఆగి వచ్చినవాళ్లు ఇక్కడ మళ్లీ మొదటి మెట్టు నుంచే ఎక్కాల్సి వస్తోంది.

ఈ ఏడాది చేరబోయేవాళ్లు ఫీజు కట్టేముందు స్కూల్‌ను ఈ మూడు విషయాలు రాతపూర్వకంగా అడగాలి. ఇచ్చేది ఎం-1 వీసానా, ఎఫ్‌-1 వీసానా? కోర్సు స్టెమ్ జాబితాలో ఉందా? కిందటేడాది ఎంతమంది విదేశీ విద్యార్థులను ఇన్‌స్ట్రక్టర్లుగా తీసుకున్నారు? మూడో ప్రశ్నకు ఏజెంట్ దగ్గర జవాబు ఉండకపోవచ్చు. నేరుగా స్కూల్‌కే మెయిల్ పెట్టండి.