లీవ్ లెటర్‌లో ‘వైరల్ ఫీవర్’



టెన్త్ చదివే పిల్లవాడు మూడు వారాలు స్కూలుకు రాలేదనుకోండి. లీవ్ లెటర్‌లో ‘వైరల్ ఫీవర్’ అని ఉంటుంది. అసలు సంగతి డిప్రెషన్‌కు చికిత్స. అలా ఎందుకు రాస్తారో తెలియనిది కాదు. నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారో, రేపు కాలేజీ సీటుకో పెళ్లి సంబంధానికో అడ్డొస్తుందేమోనన్న భయం. కానీ పెద్దలు ఆ అబద్ధాన్ని ఒక్కసారి రాసి ఊరుకుంటారు. రోజూ మోయాల్సింది పిల్లవాడే. “ప్లేట్‌లెట్స్ ఎంతకు పడిపోయాయిరా?” అని పక్క బెంచీవాడు అడిగితే ఏదో ఒక అంకె కల్పించి చెప్పాలి. మధ్యాహ్నం మాత్ర వేసుకోవాలంటే బాత్రూమ్‌కు వెళ్లి తలుపు వేసుకోవాలి. కొన్నాళ్లకు ఈ గొడవంతా ఎందుకని మాత్రే మానేస్తాడు.

పెద్దవాళ్ల సంగతీ ఇంతే. తండ్రి డీఅడిక్షన్ సెంటర్‌లో నెల రోజులుండి వస్తాడు. చుట్టాలకు ‘ఆఫీసు ట్రైనింగ్’ అని చెబుతారు. ఆ తర్వాత వచ్చే మొదటి పెళ్లిలోనే “ఒక్క పెగ్గే కదా బావా” అంటూ బామ్మర్ది గ్లాసు చేతిలో పెడతాడు. ఎవరికీ చెప్పలేదు కాబట్టి వద్దనడానికి ఆయన దగ్గర కారణమే లేదు. అదే మనిషి అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ గ్లాసు ఇవ్వడం మాట అటుంచి, ‘స్వామీ’ అని పిలిచి పక్కకు తప్పుకుంటారు. నల్లబట్టలు చూడగానే విషయం అందరికీ అర్థమవుతుంది. తెలిస్తే గౌరవించే మనుషులే మనవాళ్లు. తెలియనివ్వకపోవడమే ఇక్కడి చిక్కు. (అన్నట్టు, రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. మాల వేసుకునేవారైనా ముందు డాక్టర్‌ను కలవాలి.)

నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ సర్వేలో, మద్యం సమస్య ఉన్నవారిలో 80 శాతానికి పైగా చికిత్స అందనివారేనని తేలింది. డబ్బు, దూరం వంటి కారణాలు ఉంటాయి. సిగ్గు వాటికంటే చిన్నదని నేననుకోను. ఎర్రగడ్డ అంటే హైదరాబాద్‌లో రోజూ వందల కుటుంబాలు చికిత్స కోసం వెళ్లే ఆసుపత్రి ఉన్న చోటు. దాన్ని మనం తిట్టుగా మార్చుకున్నాం. సినిమాల్లోనే కాదు, స్టాఫ్ రూముల్లోనూ, డైనింగ్ టేబుల్ దగ్గరా “వీణ్ని ఎర్రగడ్డకు పంపాలి” అని నవ్వుకుంటాం. ఆ మాట విన్న పిల్ల, తనకే మనసు బాగాలేనప్పుడు మనతో చెబుతుందా?

తప్పు చేశానని బాధపడటం వేరు, నేనే పనికిరానివాణ్నని కుంగిపోవడం వేరు. మొదటిది మనిషిని సరిదిద్దుతుంది. రెండోది మళ్లీ సీసా దగ్గరికే పంపుతుంది. ఆరు నెలలు మానేసిన మనిషి ఒకరోజు తాగితే, ఇంక అంతా అయిపోయింది, దాచడమెందుకని ఆ వారమంతా తాగుతాడు. షుగర్ ఉన్నాయన పండక్కి నాలుగు బొబ్బట్లు తిని షుగర్ పెంచుకుంటే మందలించి డాక్టర్ దగ్గరికి తీసుకెళతాం. ఇక్కడా చేయాల్సింది అదే. మళ్లీ జారడం ఈ జబ్బులో తరచూ జరిగేదే. ఆ రాత్రి “నీ బతుకింతే” అనే మాట ఇంట్లో వినపడకూడదు, ముఖ్యంగా పిల్లల ముందు.

మైకు పట్టుకుని ఊరంతా చెప్పమనడం లేదు. ఎవరికి చెప్పాలో నిర్ణయించుకునే హక్కు కోలుకుంటున్న మనిషిదే, పిల్లవాడైతే అతన్నీ అడగాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచే హక్కు ఇస్తోంది. శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలనీ చెబుతోంది. గోప్యత వేరు, కట్టుకథ వేరు. “ఆరోగ్యం బాగాలేక చికిత్స తీసుకున్నాను, ఇప్పుడు నయం” అంటే చాలు. అందులో అబద్ధం లేదు, వివరమూ లేదు. క్లాస్ టీచర్‌కో కౌన్సిలర్‌కో అసలు సంగతి తెలిస్తే పరీక్షల ఒత్తిడి తగ్గించడానికీ, మధ్యాహ్నం మాత్రకు ఒక గది చూపించడానికీ వీలవుతుంది.

టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్ రోజు కౌన్సిలర్‌తో విడిగా మాట్లాడాలనుకుంటే ముందుగా టైమ్ అడగండి. ఎందుకో చెప్పనక్కర్లేదు.