ఫైరింజను వచ్చేలోగా బూడిదే

నవీపేట్: యాసంగి కోతలు మొదలైతే చాలు, మండలంలోని పల్లెల్లో సాయంత్రాలు పొగతో నిండిపోతున్నాయి. హార్వెస్టరు కోసి వెళ్లిన మడిలో కొయ్యకాళ్లకు నిప్పు పెట్టడం ఆనవాయితీగా మారింది. గాలి మళ్లితే ఆ నిప్పు గట్టు దాటి పక్క రైతు గడ్డివామును, పశువుల కొట్టాన్ని, బోరు వద్ద స్టార్టరు డబ్బాను సైతం చుట్టుముడుతుంది.

మండల కేంద్రంలో అగ్నిమాపక కేంద్రం లేదు. శకటం నిజామాబాద్ నుంచో, బోధన్ నుంచో రావలసిందే. రెండూ పదిహేను కిలోమీటర్లకు పైమాటే. గ్రామీణ ప్రాంతాలకు శకటం 20 నిమిషాల్లో చేరాలన్నది అగ్నిమాపక స్థాయీ సలహా మండలి ప్రమాణం. గంటకు 45 కిలోమీటర్ల వేగంతో వచ్చినా ఆ సమయం 15 కిలోమీటర్లకే సరిపోతుంది. యంచ, కోస్లీ వంటి గోదావరి తీర గ్రామాలకు చేరాలంటే ఇంకా ఆలస్యం. ఎండిన వాముకు అంత గడువు అక్కరలేదు. ఇందులో సిబ్బందిని నిందించి ప్రయోజనం లేదు.

ఈ ప్రాంతంలో చెరకు తగ్గి వరి పెరగడమూ ఇందుకు ఒక కారణం. 2015 డిసెంబరులో బోధన్ నిజాం చక్కెర కర్మాగారం లేఆఫ్‌తో మూతపడ్డాక ఈ మార్పు మరింత బలపడింది. కొడవళ్లతో కోసిన రోజుల్లో గడ్డి మోపులుగా ఇంటికి చేరేది. యంత్రం దానిని మడిలోనే వదిలిపోతోంది. గడ్డిని కట్టలు చుట్టే యంత్రం అద్దె కన్నా అగ్గిపుల్ల చవక అన్నది రైతు లెక్క. అది తప్పని చెప్పడం సులువే, మరి ఆ అద్దె భారం ఎవరు మోయాలి?

మరో చిక్కు ఉంది. మంట తీగలను సమీపిస్తే ముందుగా ట్రాన్స్‌ఫార్మరు వద్ద కరెంటు నిలిపివేయాలి. కరెంటు ఆగితే బోరు మోటార్లూ ఆగుతాయి. కోస్లీ వద్ద అలీసాగర్ ఎత్తిపోతల పథకం గోదావరి నీటిని తోడే మండలంలో మంట మీద పోయడానికి బిందెలే దిక్కవుతున్నాయి.

పరిష్కారం ఊళ్లోనే ఉంది. 2019లో మొదలైన పల్లె ప్రగతిలో పంచాయతీలకు ట్రాక్టరు, నీటి ట్యాంకరు సమకూరాయి. అవి ప్రధానంగా మొక్కలకు నీరు పోయడానికే పరిమితమయ్యాయి. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకరును రాత్రింబవళ్లు నింపి ఉంచి, చిన్న డీజిల్ ఇంజను పంపు, పొడవాటి పైపు జోడిస్తే శకటం వచ్చేవరకు మంటను మరో వాముకు పాకకుండా ఆపవచ్చు. తాళంచెవి ఎవరి వద్ద ఉందో ఊరందరికీ తెలియాలి. 101కు ఫోన్ చేసిన వెంటనే దారి చూపడానికి ఒకరు ప్రధాన రహదారిపై నిలబడాలి.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో జరిగిన పేలుళ్లలో అమరులైన సిబ్బంది స్మారకంగా ఏటా 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. సరిగ్గా కోతల కాలమది. బస్టాండ్లలో, పాఠశాలల్లో చేసే ప్రదర్శనల్లో ఒక్కదానినైనా శనివారం నవీపేట్ మేకల సంతలో ఏర్పాటు చేస్తే, చూడవలసిన రైతులు అక్కడే ఉంటారు.