ఏ కాగితం ఎన్నాళ్లు?

క్రిస్మస్ దగ్గర పడుతున్నదంటే మన ఇండ్లలో సున్నాలు, రంగులు మొదలవుతాయి. మంచాలు వాకిట్లోకి వస్తాయి, అటక మీది ట్రంకు పెట్టె క్రిందికి దిగుతుంది. పెట్టె అడుగున ఒక గుడ్డసంచి. అందులో కరెంటు బిల్లులు, పన్ను రసీదులు, బ్యాంకు పుస్తకాలు, తాతగారి నాటి దస్తావేజు, ఎవరు ఎవరికి వ్రాసిచ్చారో తెలియని ప్రోనోటు, అన్నీ కలగాపులగంగా ఉంటాయి. "ఈ చెత్తంతా ఎందుకు నాన్నా, పొయ్యిలో వేద్దాం" అని కొడుకు. "ఒక్క చీటీ ముట్టుకుంటే ఊరుకోను" అని తండ్రి. అంగలకుదురులోనైనా, రేపల్లె వైపు లంకల్లోనైనా ఏటా జరిగే తగవే ఇది. ఇద్దరి మాటలోనూ కొంత న్యాయం ఉన్నది గనుక ఈ నెల దీనిని గూర్చి వ్రాస్తున్నాము.

ప్రతి కాగితాన్నీ చేతిలోకి తీసుకొని ఒక్క ప్రశ్న వేసుకోండి. దీనిని నన్ను ఎవరు అడుగగలరు, ఎప్పటి వరకు అడుగగలరు? కరెంటు బిల్లు సంగతి తేలిక. 2003 నాటి విద్యుత్ చట్టం ప్రకారం, బకాయి అని వరుసగా బిల్లులలో చూపుతూ వస్తే తప్ప, రెండేండ్లు దాటిన మొత్తాన్ని మన దగ్గర వసూలు చేయడానికి వీలులేదు. కాబట్టి మూడేండ్ల బిల్లులు ఉంచి మిగిలినవి తీసివేయవచ్చును. ఎరువుల కొట్టు బిల్లులు, ధాన్యం కాటా చీటీలు, మిల్లు రసీదులు కూడ మూడేండ్లు ఉంచితే చాలు. మామూలు డబ్బు బాకీకి దావా వేసే గడువు మూడేండ్లే. కౌలుకు చేసేవారు 2019 చట్టం క్రింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రాన్ని గడువు పదకొండు నెలలే గదా అని పారవేయవద్దు. పంట నష్టం డబ్బు ఆలస్యంగా వచ్చినప్పుడు ఆ యేడు సాగు చేసినది మీరేనని చూపేది అదే.

ప్రోనోటు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. మన డెల్టాలో పెండ్లికి, చదువుకు, బోరుకు, ఆసుపత్రికి నోటు మీద నడవని ఇల్లు తక్కువ. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, అడిగినప్పుడు ఇస్తానని వ్రాసిన నోటు మీద దావాకు గడువు నోటు తేదీ నుండి మూడేండ్లు. ఆ లోపల కొంత సొమ్ము కట్టి, నోటు వెనుక చెల్లు వ్రాసి సంతకం చేస్తే ఆ తేదీ నుండి మరల మూడేండ్లు లెక్క. అందుకే ఋణదాతలు మూడో యేడు నిండక ముందే "ఒక వంద అయినా చెల్లు వేయి" అని ఇంటికి వస్తారు. గడువు దాటితే నోటుకు కాలదోషం పట్టినట్టే. అయితే ఆ తరువాత పాత బాకీ తీరుస్తానని కొత్త నోటు వ్రాసి ఇస్తే అది చెల్లుతుంది. గడువు తీరింది గనుక నిజంగా తీసుకొన్న అప్పు ఎగవేయమని మేము చెప్పడం లేదు. దేని మీద సంతకం చేస్తున్నారో తెలిసి చేయమంటున్నాము.

అప్పు తీర్చిన రోజున అసలు నోటు వెనక్కి తీసుకోవాలి. "ఎక్కడో పెట్టాను, వెదికి ఇస్తాను" అంటే, ఫలానా తేదీ నోటు బాకీ పూర్తిగా చెల్లినదని సంతకంతో రసీదు వ్రాయించుకోండి. అప్పు తీసుకొన్నవాడు కన్నుమూస్తే అతని ఆస్తి మేరకు వారసులు జవాబుదారీ కావలసి వస్తుంది. భర్త తీర్చిన సంగతి భార్యకు తెలియకపోతే, రసీదు దొరకకపోతే, ఆమె రెండవసారి కట్టవలసిన పరిస్థితి వస్తుంది. కొట్టివేసిన నోట్లను, ఈ రసీదులను మూడేండ్లతో పారవేయక ఒక కవరులో విడిగా ఉంచండి. జాగా ఎంత పడుతుంది గనుక!

బ్యాంకులో పొలం తాకట్టు పెట్టి తీర్చినవారికి ఇంకొక మాట. 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ఆ డిసెంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. బాకీ పూర్తిగా తీరిన 30 రోజులలో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున ఖాతాదారునికి చెల్లించాలి. బాకీ లేదన్న పత్రాన్ని దస్తావేజుతోనే కలిపి, దస్తావేజు ఉన్నంత కాలం ఉంచండి.

ఇక భూమి కాగితాలు. వీటికి గడువు లేదు. రిజిస్టరు దస్తావేజు పోతే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నకలు దొరుకుతుంది గాని, ఇంటి స్థలం పట్టా, డీకేటీ పట్టా అలా తేలికగా దొరకవు. మన సంఘాలలో అనేక కుటుంబాలకు ఉన్న ఆస్తి ఆ ఒక్క పట్టా కాగితమే. 1977 నాటి అసైన్డు భూముల చట్టాన్ని 2023లో సవరించినప్పుడు ఇరవై యేండ్ల లెక్క వచ్చింది. అమలులో ఎన్ని మలుపులు తిరిగినా, ఆ లెక్కకు మొదలు మొదటి పట్టా తేదీయే. పంచాయతీ ఇంటి పన్ను రసీదు హక్కు పత్రం కాదు, నిజమే. కాని గ్రామకంఠంలో ఇల్లున్నవారికి ఎన్నేండ్లుగా అనుభవంలో ఉన్నారో చూపేవి ఆ రసీదులే. ఒక్కటి కూడ తీయవద్దు. పాత కాగితంలో తెనాలి తాలూకా, రేపల్లె తాలూకా అని ఉన్నదని కంగారు పడవద్దు. 1985లో మండలాలు వచ్చాయి, 2022లో రేపల్లె బాపట్ల జిల్లాకు వెళ్లింది. పాత పేరున్న కాగితం పాతదని చెప్పుకొంటుందే గాని చెల్లనిది కాదు.

దాచుకొన్న సొమ్ము కాగితాల విలువ ఎంతో అగ్రిగోల్డు వ్యవహారం మన జిల్లాకు నేర్పింది. తెలిసినవాడే ఏజెంటు, నెలకు వందో రెండు వందలో కట్టారు. 2014 తరువాత చెల్లింపులు ఆగిపోయాయి. ఆశ వదులుకొని బాండ్లు చించివేసినవారు ఉన్నారు. అయితే 2019 నవంబరులో పదివేల లోపు కట్టినవారికి, 2021 ఆగస్టులో ఇరవైవేల లోపు వారికి రాష్ట్ర ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. అప్పుడు చూపమన్నది ఆ బాండ్లు, రసీదులే. అంతకు మించి కట్టినవారి సంగతి అంతటితో తేలలేదు. కాబట్టి మునిగిపోయిన కంపెనీ కాగితమైనా సరే, డబ్బు చేతికి వచ్చేదాకా ఉంచాలి. బ్యాంకు డిపాజిట్టును పదేండ్లు ఎవరూ అడుగకపోతే అది రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది గాని, ఆ తరువాత కూడ వారసులు అడిగి తీసుకోవచ్చును. పాత రసీదు ఉంటే ఏ బ్రాంచిలో అడగాలో తెలుస్తుంది. పాసు పుస్తకంలో యేటా 436 రూపాయలు పట్టుకొన్నట్టు పద్దు కనిపిస్తే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, రెండు లక్షలు. ఇంటిపెద్ద పోయిన తరువాత ఆ పద్దు గమనించక ఊరుకొన్న కుటుంబం నష్టపోతుంది. పాత పాసు పుస్తకాలు పారవేసే ముందు ఇలాంటి పద్దులు చూడండి.

ఆదాయపు పన్ను కట్టే ఉద్యోగస్థులు ఎనిమిదేండ్ల కాగితాలు ఉంచుకొంటే నిశ్చింత.

ఎక్కడ దాచాలి? యిర్మీయా 32వ అధ్యాయంలో ప్రవక్త అనాతోతులోని పొలాన్ని హనమేలు దగ్గర 17 తులాల వెండికి కొన్నాడు. బబులోను సైన్యం పట్టణాన్ని ముట్టడించియున్న సమయమది. అయినా సాక్షుల యెదుట పత్రం వ్రాయించి, ముద్ర వేసినది ఒకటి, వేయనిది ఒకటి బారూకు చేతికిచ్చి, చాలాకాలం నిలిచేలాగున మట్టికుండలో పెట్టించాడు. మన భాషలో అసలు, జిరాక్సు అన్నమాట. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుండి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చినప్పుడు కొల్లూరు, భట్టిప్రోలు వైపు లంకలవారు ఇండ్లు వదలి రావలసి వచ్చింది. అటువంటి చోట కుండకు బదులు మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బా మంచిది, చేత పట్టుకొని బయలుదేరవచ్చును. జిరాక్సుల కట్ట ఇంకొక ఊరిలో, ఆడపడుచు ఇంట్లోనో అన్నగారి ఇంట్లోనో ఉండాలి. దస్తావేజులకు లామినేషన్ చేయించవద్దు, చేయిస్తే మరల ఊడదు. ఏటీఎం చీటీల మీద అక్షరాలు కొన్నాళ్లకు మాసిపోతాయి, అవసరమైన దానిని వెంటనే జిరాక్సు తీయించండి. డబ్బాలో ఏమేమి ఉన్నవో ఒక తెల్ల కాగితం మీద వ్రాసి పైన పెట్టి, ఇంటి ఇల్లాలికి చదివి వినిపించండి.

తీసివేసిన కాగితాలను పాతపేపర్ల వానికి తూకానికి వేయవద్దు. మన ఖాతా నంబరు, ఆధారు నంబరు మిరపకాయ బజ్జీల పొట్లమై ఊరంతా తిరుగుతాయి. నంబర్లున్న చోట చించి, మిగిలినది నీళ్ల పొయ్యిలో వేయండి. వీలునామా కాగితం సంగతి పెద్దది గనుక దానిని వచ్చే నెలకు ఉంచుతున్నాము.