ఎక్కడ దిగారు?

హైదరాబాద్ వెళ్తే ఏ హోటల్లో దిగాలి? ఇది డబ్బున్నవాళ్ల ప్రశ్న, ఉద్యమాల్లో తిరిగేవాళ్లకు దీంతో పనేంటి అని మనలో చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోవడం లేదు. పరాయి ఊళ్లో రాత్రి తల దాచుకోవాల్సి వచ్చినప్పుడు కులం ఎంత సూటిగా ఎదురొస్తుందో మన ఇళ్లలో పెద్దవాళ్లని అడిగితే చెప్తారు. అందుకే ఈసారి దీని గురించే రాస్తున్నాను.

గొడవ మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో మొదలైంది. తిరువూరులో డిగ్రీ చదివి ఇప్పుడు ఉద్యోగం చేస్తున్న ఒకమ్మాయి, "సార్, అమ్మానాన్నలకి హైదరాబాద్ చూపిద్దామనుకుంటున్నా. ఒక్క రాత్రి ఫలక్‌నుమాలో ఉంచాలనుంది. ఏడాది నుంచి డబ్బులు దాచా" అని రాసింది. వాళ్లమ్మ మిరప కోతలకి వెళ్లే మనిషి. గంట తిరక్కుండానే మన కుర్రాళ్లే మీద పడ్డారు. "నవాబుల ప్యాలెస్‌లో మనకేం పని అక్కా?" అని ఒకడు. "ఆ డబ్బుతో పేటలో లైబ్రరీ పెట్టొచ్చు" అని ఇంకొకడు. కాసేపటికి ఆ అమ్మాయి తన మెసేజ్ డిలీట్ చేసేసింది.

ఆ డిలీట్ నన్ను కలచివేసింది. నా అభిప్రాయం ఒక్కటే: వెళ్లాలి. ఆ చోటు చరిత్ర మొత్తం తెలుసుకుని మరీ వెళ్లాలి. ఎందుకో చెప్తాను.

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి మాటల దగ్గర మొదలుపెడతాను. తిరువూరులో హోటల్ అంటే ఇడ్లీ దొరికే చోటు. పడుకునేది లాడ్జి. వాటికి ముందు పూటకూళ్ల ఇల్లు, సత్రం. 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు పూటకూళ్ల ఇంటి భోజనం గురించి క్లాసులో నోరూరేలా చెప్తాం. 'కన్యాశుల్కం'లో పూటకూళ్లమ్మ పాత్ర మీద పరీక్షలో ప్రశ్న ఇస్తాం. ఆ ఇళ్ల అరుగు ఎవరు ఎక్కగలిగేవారు, ఎవరు వీధిలోనే నిలబడేవారు అన్న ప్రశ్న మాత్రం నేను చదివిన ఏ ప్రశ్నపత్రంలోనూ రాలేదు. సత్రాల సంగతైతే దాచిందేమీ లేదు. శ్రీశైలం వెళ్లి ఓసారి నడిచి చూడండి, బోర్డుల మీదే కులాల పేర్లు కనిపిస్తాయి. బాటసారికి చోటివ్వడం పుణ్యమన్నారు గానీ, ఆ బాటసారి ఎవరో ముందు కనుక్కున్నారు.

మరి మనవాళ్లు నగరానికి వెళ్తే ఎక్కడ దిగేవారు? మిషన్ కాంపౌండ్‌లో. నాలుగో తరగతి ఉద్యోగం చేసే చుట్టాల క్వార్టర్లో. ఊరి కుర్రాడు చదువుకునే హాస్టల్ గదిలో. ఉస్మానియా హాస్టళ్లలో 'నాన్ బోర్డర్' అనే మాట మీలో చాలామందికి అనుభవం. ఒకరి పేరు మీద గది, నలుగురి పడక. గ్రూప్స్ కోచింగ్‌కి వచ్చినవాడూ అక్కడే, నిమ్స్‌లో తల్లిని చూపించడానికి వచ్చినవాడూ అక్కడే. అమెరికాలో ఇదే పనికి ఒక పుస్తకం ఉండేది. న్యూయార్క్‌కి చెందిన విక్టర్ హ్యూగో గ్రీన్ అనే నల్లజాతి పోస్ట్‌మన్ 1936లో 'గ్రీన్ బుక్' వెయ్యడం మొదలుపెట్టాడు. ప్రయాణంలో తమను రానిచ్చే హోటళ్లు, ఇళ్లు, పెట్రోలు బంకులు ఎక్కడున్నాయో అందులో ఉండేవి. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చాక కూడా అట్లాంటాలో 216 గదులున్న ఒక మోటెల్ యజమాని, నా గదులు నా ఇష్టం అంటూ సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఆ ఏడాది డిసెంబరులో కోర్టు ఏకగ్రీవంగా అతని వాదన కొట్టేసింది. మన గ్రీన్ బుక్ ఎప్పుడూ అచ్చు కాలేదు. బస్సెక్కే ముందు అమ్మ చెప్పే జాగ్రత్తల్లోనే ఉండిపోయింది.

ఇక చరిత్ర ఉన్న హోటళ్ల సంగతి. బొంబాయి తాజ్ 1903లో మొదలైంది. జంషెడ్జీ టాటాని తెల్లవాళ్ల వాట్సన్ హోటల్లోకి రానివ్వలేదని, ఆ అవమానంతోనే తాజ్ కట్టాడని ఒక కథ ఉంది. అది నిజమా కాదా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. అయినా ఆ కథ తెలియనివాళ్లు తక్కువ. వాదనకు తావులేని కథ ఇంకొకటుంది. 1917లో, కొలంబియాలో చదువుకుని వచ్చిన అంబేద్కర్, స్కాలర్‌షిప్ ఒప్పందం ప్రకారం ఉద్యోగం చెయ్యడానికి బరోడా వెళ్లారు. హిందువుల హోటళ్లున్నాయి గానీ కులం తెలిస్తే గెంటేస్తారు. పార్సీ పేరు పెట్టుకుని పార్సీ సత్రంలో దిగారు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని పదిమందికి పైగా పార్సీలు వచ్చి, సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. ఒక హిందూ స్నేహితుడి దగ్గర, ఒక క్రైస్తవ స్నేహితుడి దగ్గర చోటు దొరుకుతుందేమోనని చూశారు, దొరకలేదు. బొంబాయి రైలు టైమయ్యే దాకా పార్కులో కూర్చున్నారు. ఇదంతా ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నారు. టాటా అవమానానికి సముద్రం ఒడ్డున భవనం ఉంది. అంబేద్కర్ అవమానానికి ఏముంది? రాజ్యాంగంలో ఒక వాక్యం ఉంది. 15వ అధికరణం రెండో క్లాజు తీసి చూడండి. కులం, మతం లాంటి కారణాలతో ఏ పౌరుణ్ణీ అడ్డుకోకూడని చోట్ల జాబితాలో హోటళ్లు పేరుతో సహా ఉన్నాయి. బావులు, చెరువులు ఆ తర్వాత వస్తాయి.

ఇప్పుడు ఫలక్‌నుమా. నిజాం దగ్గర ప్రధానిగా చేసిన పైగా వంశపు నవాబు వికార్ ఉల్ ఉమ్రా 1884లో పునాది వేశాడు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్లింది. 2010లో తాజ్ వాళ్లు హోటల్‌గా తెరిచారు. గుర్రబ్బండిలో తీసుకెళ్తారు, మెట్లెక్కుతుంటే గులాబీ రేకులు చల్లుతారు. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఉంది. 2017 నవంబరు 28న ఇవాంకా ట్రంప్‌కి ప్రధాని విందు ఇచ్చింది ఆ ప్యాలెస్‌లోనే. అదే నవంబరులో నగర వీధుల్లో అడుక్కోవడాన్ని పోలీసులు నిషేధించి, బిచ్చగాళ్లని పట్టుకెళ్లి పునరావాస కేంద్రాల్లో పెట్టారు. ఆ విందు గురించి చెప్పుకుంటే ఇది కూడా చెప్పుకోవాలి.

"అందుకే వద్దంటున్నాం సార్" అని మావాడు అనొచ్చు. వెట్టితో నడిచిన సంస్థానపు వైభవాన్ని టిక్కెట్టు పెట్టి అమ్ముతుంటే మనం వెళ్లి కొనుక్కోవాలా? గట్టి ప్రశ్నే. కానీ ఆ లెక్కన గోల్కొండ కోట ఎక్కకూడదు, ఓరుగల్లు తోరణం చూడకూడదు. రాళ్లు మోసినవాళ్ల పిల్లలం, ఆ రాళ్ల మీద హక్కు వదులుకోవడం త్యాగం ఎలా అవుతుంది? మన తాతల చెమట పడ్డ చోటికి మనం వెళ్లకపోతే అక్కడ ఒక్క రాజుల కథే మిగులుతుంది.

లైబ్రరీ వాదన ఇంకా ఇబ్బందికరం. లైబ్రరీ కావాలి, నేనూ చందా వేస్తాను. కానీ పెళ్లికి కోట్లు తగలేసే ఇళ్లకి ఈ సలహా ఎవరైనా ఇస్తున్నారా? మన ఇంటి ఆడపిల్ల తల్లికి ఒక్క రాత్రి మెత్తటి పరుపు ఇద్దామంటే మాత్రం సమాజం బాధ్యతంతా గుర్తొస్తుంది. కోటు వేసుకున్నందుకు అంబేద్కర్‌ని ఆడిపోసుకున్న నోళ్లకీ మనకీ తేడా ఉండాలి కదా తమ్ముడూ. ఒకరు లోపలికి వెళ్లినంత మాత్రాన కులం పోదు, ఒప్పుకుంటాను. కులం తలుపు తీసి డబ్బు తలుపు పెట్టారు, అదీ నిజమే. ఆ తలుపు మీదా మనం కొట్లాడాల్సిందే. కానీ అది ఆ తల్లిని బయట నిలబెట్టి చెయ్యాల్సిన కొట్లాట కాదు.

ఇంకో సంగతి. పెద్ద హోటల్లో డబ్బు చూసి గది ఇస్తారు. మనకు ఎక్కువగా ఎదురయ్యే తగువు చిన్నచోట్ల, గెస్ట్‌హౌసుల్లో, పేయింగ్ గెస్ట్ ఇళ్లలో. ఒక నగరంలో సెమినార్‌కి వెళ్తే గెస్ట్‌హౌస్ ఆయన నా ఆధార్ పట్టుకుని ఇంటిపేరు రెండుసార్లు చదివాడు. "ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు?" అన్నాడు. చెప్పాను. ఫోన్‌లో ఖాయం చేసిన గది ఆ నిమిషంలో 'ఇప్పుడే బుక్కయిపోయింది'. పీహెచ్‌డీ పట్టా సంచిలోనే ఉంది.

అందుకే చట్టం తెలిసుండాలి. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం హోటల్ అంటే నక్షత్రాల హోటల్ ఒక్కటే కాదు. బోర్డింగ్ హౌస్, లాడ్జింగ్ హౌస్, కాఫీ హౌస్ అన్నీ అందులోకి వస్తాయి. అంటరానితనం పేరుతో ప్రవేశం నిరాకరిస్తే నేరం. 12వ సెక్షన్ ఇంకా ముఖ్యం. ఈ చట్టం కింద నేరమయ్యే పని ఎస్సీల మీద జరిగితే, కాదని రుజువయ్యేవరకూ అది అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు భావిస్తుంది. కాబట్టి బుకింగ్ మెసేజ్ దాచండి. తేదీ, టైము, పక్కనున్నవాళ్ల పేర్లు రాసుకోండి. గది లేదంటే ఎందుకు లేదో రాసివ్వమనండి. బయటికొచ్చి ఇంకో పేరుతో అదే గది అడిగి చూడండి.

ఎక్కడ దిగినా, చాయ్ తాగి వచ్చేసినా, ఈ మూడూ అడగండి. ఇక్కడికి ఒకప్పుడు ఎవరిని రానివ్వలేదు? ఇది ఎవరి శ్రమతో నిలబడింది? ఇవాళ ఇక్కడ బాత్రూములు కడిగేవాళ్లు పర్మనెంటా, కాంట్రాక్టా, జీతం ఎంత? గైడుని అడగండి, గది తుడిచే అక్కని పేరు పెట్టి పలకరించి అడగండి. ఫలక్‌నుమా చూసినవాళ్లు, 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ నగరం కూడా అదేనని అమ్మానాన్నలకు చెప్పండి. హుస్సేన్‌సాగర్ పక్కన 125 అడుగుల అంబేద్కర్ దగ్గరికి తీసుకెళ్లండి. బరోడాలో పార్కులో కూర్చున్న మనిషి ఆయనేనని అక్కడ నిలబడి చెప్పండి.

చేతిలో డబ్బు లేకపోతే నాన్ బోర్డర్‌గా దిగండి, అందులో సిగ్గు లేదు. డబ్బుంటే ప్యాలెస్‌లో దిగండి, అందులోనూ సిగ్గు లేదు. ఎక్కడ దిగారని ఎవరైనా అడిగితే పేరు మార్చుకోకుండా చెప్పగలగాలి. మనం అడుగుతున్నది అదే.

జై భీమ్.